ఆదివారం కార్డులు, బుధవారం కార్డులు

సారు శిష్యులందరికీ నమస్కారం. ముందుగా నా చేతిరాతకూ తప్పులకూ మన్నించండి. ఆరో తరగతి పరీక్ష రాసి బడి మానేసినదాన్ని. నా అక్షరాలు లైను మీద నిలబడవు. ఒత్తులు పక్క అక్షరం కిందికి జరిగిపోతాయి. ఇన్నాళ్లూ ఈ రాత నా ఒక్కదాని ఇబ్బంది అనుకున్నాను. దీనివల్ల సారుకు కూడా నష్టం జరిగిందని ఈ మధ్యనే తెలిసింది. అందుకే సిగ్గు పక్కన పెట్టి రాస్తున్నాను.

సారు పోయారన్న సంగతి నాకు ఆలేరు దగ్గర మా అమ్మగారింట్లో తెలిసింది. కాన్పయి పదకొండో రోజు. మా ఆయన కిరాణా కొట్టుకు ఫోను చేస్తే అమ్మ వెళ్లి మాట్లాడి వచ్చింది. గుమ్మంలో నిలబడి, "మీ ఇంటి ఓనరు సారు పోయిండట బిడ్డా" అంది. నేను పిల్లకు పాలిస్తున్నాను. "పెద్ద పానమే గద. పాలిచ్చేటప్పుడు ఏడ్వకు, పిల్లకు మంచిది గాదు" అని కూడా అంది.

నేను ఏడవలేదు. నాకు కోపం వచ్చింది. పోయిన మనిషి మీద కోపం తెచ్చుకోవడం తప్పే. కానీ ఉన్నది ఉన్నట్టు రాయమని నేర్పింది ఆయనే. "ఇంకొక్క ఎలక్షన్ చూద్దామమ్మా, తొందరేముంది" అని చేతిలో పని ఆపి ఆపి, ఆ ఎలక్షన్ రాకముందే వెళ్లిపోయారు. అదీ నా కోపం.

మీ అందరికీ ఆయన ప్రొఫెసరు. మీరు ఆయన క్లాసులో కూర్చున్నారు, ఆయన పుస్తకం మీద పరీక్షలు రాశారు, ఇప్పుడు మీరే క్లాసులు చెబుతున్నారు. నాకు ఆయన ముందు వాటా సారు. పెళ్లయి మెట్టుగూడకు వచ్చేసరికి మా ఆయన ఆ ఇంట్లోనే వెనక గది అద్దెకు తీసుకుని ఉన్నాడు. రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. పొద్దున సైరన్‌కు వెళ్తే సాయంత్రం సైరన్‌కు వస్తాడు. సారు అప్పటికే రిటైరయ్యారు. సారు భార్య అప్పటికే లేరు. గుంటూరు వైపు నుంచి చిన్న వయసులోనే ఉద్యోగానికి వచ్చి ఇక్కడే ఉండిపోయిన మనిషి.

మొదటి నెలలో ఆయన ఏం పని చేస్తారో నాకు అర్థం కాలేదు. గల్లీలో ఎవరింట పెళ్లయినా మిగిలిన శుభలేఖలు ఆయనకు తెచ్చి ఇచ్చేవాళ్లు. ఆయన వరండాలో కూర్చుని, వాటిలో అచ్చు లేని భాగాన్ని అరచేతి అంత ముక్కలుగా కత్తిరించేవారు. మూలలకు పసుపు అలాగే ఉండేది. ఢిల్లీ నుంచి వచ్చిన ఒకాయన ఆ ముక్కను వాసన చూసి ఇదేంటని అడిగితే, "మా గల్లీ స్టేషనరీ" అన్నారట. ఆ ముక్కలే ఆయన కార్డులు.

ఎలక్షన్లయిన తర్వాత వచ్చే మొదటి ఆదివారం ఆయన చర్చి నుంచి వచ్చి, తెల్ల చొక్కా మార్చకుండానే, కార్డులు జేబులో పెట్టుకుని గల్లీలో ఇంటింటికీ తిరిగేవారు. ముప్పై ఏళ్లుగా అదే గల్లీ, అవే ఇళ్లు, అదే ప్రశ్న. ఎవరికి ఓటేశారు, ఎందుకు వేశారు. ఇంకొకరైతే ఊళ్లు పట్టుకుని తిరుగుతారట. ఈయన ఒక్క గల్లీనే వదలకుండా పట్టుకున్నారు. అందుకే ఆ పుస్తకానికి అంత పేరు వచ్చిందని మీలో ఒకరు చెబుతుంటే విన్నాను.

ఆ పుస్తకం ఇంగ్లీషులో ఉంటుంది. నీలం అట్ట. అందులో ఏముంది సారూ అని ఒకసారి అడిగాను. "ఇంటికి ఒక్క ఓటు అని ఉందమ్మా. ఇంట్లో ఎన్ని ఓట్లున్నా ఇంటాయన వేసిన చోటే అందరూ వేస్తారని ఉంది" అన్నారు. అంత లావు పుస్తకంలో ఇంతేనా అనుకున్నాను గానీ అనలేదు.

నేను వచ్చిన ఏడే అసెంబ్లీ ఎలక్షన్లు వచ్చాయి. తర్వాతి ఆదివారం సారు మా వాటాకు కూడా వచ్చారు. గొడుగు కొనతో గడప మీద రెండుసార్లు కొట్టారు. సొంత ఇంటి వెనక గదే అయినా చెప్పులు బయట విడిచారు. నేను ఇచ్చిన నీళ్లు తాగారు. ఏ ఇంట్లోనైనా నీళ్లు తాగిన తర్వాతే ఆయన ప్రశ్న. మట్టికుండ నీళ్లయినా, మురికి గ్లాసయినా తాగేవారు.

"మా ఇంట్ల రెండోట్లు సార్" అన్నాడు మా ఆయన, ఛాతీ ముందుకు పెట్టి. "రెండూ ఒక్కదానికే. గామెది సుత నాదే రాసుకోండ్రి."

"ఏమ్మా?" అన్నారు సారు, నా వైపు చూడకుండా.

నేను తలుపు వెనక ఉన్నాను. తల ఊపాను. అది ఆయనకు కనిపించి ఉండదు. నా కొంగు కదిలింది కనిపించి ఉంటుంది. రాసుకున్నారు.

కొన్నాళ్లకు షుగరు వల్ల ఆయన చూపు తగ్గింది. పేపరు చదవడం ఆగిపోయింది. ఒకరోజు చాయ ఇవ్వడానికి వెళ్తే, "నీకు చదవడం వచ్చునా అమ్మాయ్?" అన్నారు. కూడబలుక్కుంటూ వస్తుంది అన్నాను. "నాకూ ఇప్పుడు అంతే. ఇద్దరం కలిపితే ఒక మనిషి చదివినట్టు" అని పాత కార్డుల పెట్టె నా ముందు పెట్టారు. అలా పొద్దున వంటయ్యాక గంటసేపు ఆయన కార్డులు ఆయనకే చదివి వినిపించేదాన్ని. అడిగిన సంవత్సరం, ఇంటి నంబరు, ఇంటాయన జవాబు, ఆ కింద ఒక లైను: "భార్య, అదే." ముప్పై ఏళ్ల కార్డులు. "భార్య, అదే." "భార్య, అదే." తప్పు చదవకుండా వచ్చిన మొదటి మాట నాకు అదే.

ఒకరోజు ఇస్త్రీ అక్క ఇంటి కార్డు వచ్చింది. మూలమీద బండి పెట్టుకుని బట్టలు ఇస్త్రీ చేసే ఆమె. "భార్య, అదే" అని చదివి నవ్వు ఆపుకోలేకపోయాను.

"ఎందుకు నవ్వావు?"

"ఏం లేదు సారూ."

ఆయన వదల్లేదు. మూడు రోజులు అడిగారు. కోపంగా కాదు. చాయ తాగుతూ, "ఆ నవ్వు సంగతేమిటి?" అనేవారు. మూడో రోజు చెప్పేశాను. ఇస్త్రీ అక్క నల్లా దగ్గర అందరి ముందే అన్న మాట అది. "మా మొగనికి చెప్పిన, నువ్వు చెప్పిన గుర్తుకే గుద్దిన అని. గుద్దింది దేనికో నాకెరుక, ఆ పెట్టెకెరుక. ఇంటికాడ లొల్లి ఎందుకు?"

సారు చాయ కప్పు కింద పెట్టారు. "అది ఆమె ఒక్కతేనా?"

"నాకేం తెలుసు సారూ. నల్లా కాడ అందరూ నవ్విండ్రు."

"అందరూ ఆమెను చూసి నవ్వారా, ఆమెతో కలిసి నవ్వారా?"

అలాంటి ప్రశ్న నన్ను అంతకుముందు ఎవరూ అడగలేదు. ఆలోచించి, "కలిసి" అన్నాను. ఆయన కార్డుల పెట్టె మూత వేశారు. తర్వాత, "నువ్వు?" అన్నారు. నేను కప్పు తీసుకుని వెనక గదిలోకి వెళ్లిపోయాను. ఆ రోజు మిగతా కార్డులు చదవలేదు.

తప్పు ఎక్కడ జరిగిందో ఆయనే కనిపెట్టారు. రెండు రోజుల తర్వాత పిలిచి చెప్పారు. "మగవాళ్లు లేని ఇంటి గడప నేను ఎప్పుడూ తొక్కలేదమ్మా. పద్ధతి కాదని. అందుకే ఆదివారం పెట్టుకున్నాను. ఇంటాయన ఉంటాడు, మర్యాదగా ఉంటుంది. ముప్పై ఏళ్లు ఆడవాళ్ల జవాబు వాళ్ల మొగుళ్ల ముందు అడిగాను." అది చెబుతూ ఆయన నవ్వబోయారు. రాలేదు. తర్వాత ఒక మాట అన్నారు, నాకు ఇప్పటికీ పని చేసుకుంటున్నప్పుడల్లా గుర్తొస్తుంది: "జవాబు మరీ తొందరగా వచ్చిందంటే, అది ఎవరో ముందే వండిపెట్టిన జవాబు."

మరుసటి ఏడు మున్సిపల్ ఎలక్షన్లు వచ్చాయి. దానికి ముందు ఒక పార్టీ మనిషి స్వీట్ల పొట్లంతో సారు దగ్గరికి వచ్చాడు. నేను అక్కడే కూరగాయలు తరుగుతున్నాను. "మీ పుస్తకం మాకు మస్తు పనికొచ్చింది సార్. మా ఆఫీసుల సదివి చెప్పిండ్రు. ఇంటాయన్ను పట్టుకుంటే సాలు, ఇల్లు ఇల్లంతా మనదే అని. పరేషానే లేదు, సగం టైముల గల్లీ ఖతం జేస్తున్నం."

అతను వెళ్లాక సారు ఆ పొట్లం విప్పలేదు. నాకు అప్పుడు తెలిసింది. ఓట్లకు వచ్చినవాళ్లు మా ఆడవాళ్లతో ఎందుకు మాట్లాడరో. మా గల్లీకి నీళ్లు రోజు విడిచి రోజు, అది కూడా తెల్లవారకముందు వస్తాయి. బిందెలు మోసేది మేము. ఆ సంగతి అడగడానికి వచ్చిన ప్రతివాడూ అరుగు మీద కూర్చున్న మగవాళ్లను అడిగి వెళ్లిపోతాడు. "నల్లా మంచిగనే వస్తున్నదా అన్నా?" అంటే, "ఆ, వస్తుంది" అంటాడు మా ఆయన. ఆయన ఒక్క బిందె మోసి ఎరుగడు. అతను చెడ్డవాడు కాదు. ఎవరూ అడగని సంగతి అతనికీ తెలియదు, అంతే.

సారు ఆ సాయంత్రం నాతో అన్నారు: "ఈసారి నువ్వు అడగాలమ్మా."

నా వల్ల కాదు అన్నాను. ఒకరింటికి వెళ్లి అడగాలంటే నాకు నోరు పెగలదు. "మాట్లాడొద్దు, నీళ్లు తాగి కూర్చో. వాళ్లే మాట్లాడతారు" అన్నారు. "వాళ్లు చెప్పింది రాయి, నువ్వు అనుకున్నది రాయకు. పేరు రాయకు, నంబరే రాయి."

ఎలక్షన్లయ్యాక వచ్చిన బుధవారం మాకు నీళ్లు రాని రోజు. మగవాళ్లు సైరన్‌కు వెళ్లిపోయాక, పదకొండు గంటలకు, కార్డులు కొంగులో చుట్టుకుని బయల్దేరాను. మొదటి ఇంట్లో నీళ్లు తాగి అరగంట కూర్చుని ఏమీ అడక్కుండా వచ్చేశాను. రెండో ఇంట్లో ఆమే నవ్వి, "ఏందే, నీ చేతుల గా పెళ్లిపత్రిక ముక్కలేంది? సారు పనా?" అంది. ఇస్త్రీ అక్క అయితే బండి దగ్గరే, ఇస్త్రీ పెట్టె ఎత్తి పట్టుకుని, "రాస్కో. జెర పెద్దగ రాయి. ముప్పై ఏండ్లకు అడగొచ్చిండ్రు" అంది.

ఒక ఇంట్లో అత్తా కోడళ్లు ఇద్దరూ ఉన్నారు. అత్త లోపలికి వెళ్లగానే కోడలు చెవిలో చెప్పింది. కోడలు నీళ్లకు లేవగానే అత్త చెప్పింది. ఇద్దరూ ఒక్కదానికే వేశారు. ఇంటాయన చెప్పిన దానికి కాదు. ఒకరి సంగతి ఒకరికి తెలియదు. నేను రెండు కార్డులు విడివిడిగా రాసుకుని నవ్వు మింగుకుంటూ వచ్చేశాను.

అలాగని అందరూ అంతే అని నేను అనడం లేదు. మొగుడు చెప్పిన దానికే ఇష్టపడి వేసినవాళ్లూ ఉన్నారు. "మా ఆయనకు తెలివి ఎక్కువ, నేను ఆయన మాటే వింట" అని ఒకామె గర్వంగా చెప్పింది. అది కూడా అలాగే రాశాను.

ప్రతి కార్డూ సారుకు చదివి వినిపించేదాన్ని. ఆయన కళ్లు మూసుకుని వినేవారు. విన్నాక చేయి చాపితే కార్డు ఆ చేతిలో పెట్టాలి. ఎర్ర పెన్సిలుతో దాని మీద ఒక గీత పెట్టేవారు. చూపు లేదు గనక గీత ఒక్కోసారి నా అక్షరాల మీద నుంచే పోయేది. "విన్నానని గుర్తు" అనేవారు. నేను రాసిన కార్డుల్లో ఆ గీత లేని కార్డు ఒక్కటీ లేదు. దయచేసి ఈ మాట గుర్తు పెట్టుకోండి.

ఆ తర్వాత ఆయన నాతో వ్యాసం రాయించడం మొదలుపెట్టారు. నేను ఇంగ్లీషు రాయలేను గనక తెలుగులోనే చెప్పారు. రెండు వందల పేజీల బడి నోటు పుస్తకం కొని తెచ్చాను. మొదటి లైను నాకు నోటికి వచ్చు: "నేను ముప్పై ఏళ్లు తప్పు చోట నిలబడి అడిగాను." ఆ లైను చెప్పి, "రాశావా? మళ్లీ చదువు" అన్నారు. చదివాను. "ఉండనీ" అన్నారు.

ఆ పని త్వరగా అయిపోతుందనుకున్నాను. రెండేళ్లు పట్టింది, అయినా అవలేదు. నాలుగు పేజీలు చెప్పి మూడు పేజీలు కొట్టివేయించేవారు. "ఒక్క ఎలక్షన్ చాలదమ్మా. ముప్పై ఏళ్ల మాటను ఒక్క బుధవారంతో కొట్టేస్తే నమ్మరు. ఇంకొకటి రానీ" అనేవారు. "మరి సంతకం పెట్టండి సారూ, ఇప్పటిదాకా అయినదానికి" అంటే, "సగం పనికి సంతకం పెట్టే అలవాటు లేదు" అనేవారు. నాకు ఒళ్లు మండేది. నల్లా దగ్గర ఆడవాళ్లు అడిగేవాళ్లు. "ఏమాయెనే మా ముచ్చట? సారు అచ్చేసిండా?" నేను ఏం చెప్పాలి? రాస్తున్నరు అనేదాన్ని. ఇస్త్రీ అక్క, "ఆయన రాసేలోపల నా బండి చక్రాలు ఊడిపోతయి" అనేది.

ఆ రోజుల్లో మీలో పెద్దవారు వచ్చారు. ఆయన పేరు రాయను, మీ అందరికీ తెలుసు. సారు ఆయన్ను కొడుకులా చూసేవారు. ఆయన చెడ్డవారని నేను అనను. సారుకు మందులు తెచ్చేది ఆయనే. నేను చాయ తీసుకెళ్లేసరికి ఆయన అంటున్నారు: "సార్, మీ పుస్తకం ఇవాళ ప్రతి యూనివర్సిటీలో పాఠం. దాని మీద మేమంతా ఎంత పని చేశాం. ఈ వయసులో ఇదంతా అవసరమా? పైగా ఆ అమ్మాయి చదివింది ఆరో తరగతి. ఆ కార్డుల్ని ఎవరు ఒప్పుకుంటారు?"

నేను ట్రే పట్టుకుని గుమ్మంలోనే ఆగిపోయాను. సారుకు నేను కనిపించలేదు. ఆయన అన్నారు: "నేను చదివింది పీహెచ్‌డీ. నాకు తెలిసిందేమిటి? మొగుళ్లు చెప్పింది. ఆ అమ్మాయి ఆరో తరగతి. ఆమెకు తెలిసింది ఆడవాళ్లు చెప్పింది. ఇందులో నీకు ఏది తక్కువ?"

నేను చాయ అక్కడ పెట్టి వచ్చేశాను. ఆ రోజు కూర మాడిపోయింది. మా ఆయన, "ఏమైంది గియ్యాల?" అంటే, ఏం కాలేదు అన్నాను.

ఎనిమిదో నెలలో నేను అమ్మగారింటికి బయల్దేరేటప్పుడు సారు కాళ్లకు దండం పెట్టబోతే వద్దన్నారు. తల మీద చేయి పెట్టి చిన్నగా ప్రార్థన చేశారు. తర్వాత బుధవారం కార్డులున్న బిస్కట్ల డబ్బా నా చేతికి ఇచ్చారు. "ఇది మీ గదిలో పెట్టు. నా బల్ల మీది కాగితాలకు నేను ఉన్నంతవరకే కాపలా" అన్నారు. "వచ్చేసరికి ఎలక్షన్లు వస్తాయి. బిడ్డనెత్తుకునే వెళ్దువుగాని, ఇంకా బాగా చెబుతారు" అని నవ్వారు. డబ్బా బియ్యం డ్రమ్ము వెనక పెట్టి రైలెక్కాను. నోటు పుస్తకం ఆయన బల్ల మీదే ఉండిపోయింది. అది కూడా అడగాల్సింది. అడగలేదు. నా నోరు ఎప్పుడూ అంతే.

మూడో నెలలో పిల్లతో తిరిగొచ్చేసరికి ముందు వాటా ఖాళీగా ఉంది. పుస్తకాలు, ఆదివారం కార్డుల పెట్టెలు, బల్ల మీది కాగితాలు అన్నీ మీ కాలేజీకి తీసుకెళ్లారని మా ఆయన చెప్పాడు. ఆ వారమే మీరు సభ పెట్టారు. మమ్మల్ని కూడా పిలిచారు, సంతోషం. నేను పెళ్లి చీర కట్టుకుని వచ్చాను. నిజం చెబుతున్నాను, ఆ రోజు ఆ నోటు పుస్తకంలో మొదటి లైను చదువుతారనే అనుకున్నాను. ఇస్త్రీ అక్కతో కూడా చెప్పి వచ్చాను, ఇయ్యాల మన ముచ్చట బయటికొస్తది అని.

పెద్దవారు మైకు ముందుకు వచ్చి చాలా బాగా మాట్లాడారు. మాట్లాడుతూ, ఇంటికి ఒక్క ఓటు అన్న సత్యాన్ని మా గురువు చివరి శ్వాస వరకు నమ్మారు అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. నా పక్కన మా ఆయన కూడా కొట్టాడు. కొట్టి, అవతలి కుర్చీ ఆయనతో, "మా ఇల్లు సుత ఉన్నది సార్ ఆ లెక్కల. మా ఇంట్ల రెండోట్లు, ఒక్కటే మాట" అన్నాడు.

లేవాలనుకున్నాను. లేచాను కూడా. అంతమంది తలలు తిరిగి నన్నే చూశాయి. పిల్లను భుజాన వేసుకుని బయటికి వచ్చేశాను. పిల్ల ఏడ్చిందని మీరు అనుకుని ఉంటారు, ఒకరు లేచి దారి కూడా ఇచ్చారు. పిల్ల ఏడవలేదు. హాయిగా నిద్రపోతోంది. బయట రిక్షాల దగ్గర నిలబడి నన్ను నేను తిట్టుకున్నాను. సారును కూడా తిట్టుకున్నాను. ఒక్క సంతకం పెట్టి ఉంటే ఏం పోయేది?

తర్వాత మీలో అందరికంటే చిన్నమ్మాయి మా ఇంటికి వచ్చింది. సారు మీద పుస్తకం వేస్తున్నారనీ, నన్ను కూడా ఒక పేజీ రాయమనీ ఈ తెల్లకాగితాలు ఇచ్చింది. నోటు పుస్తకం సంగతి అడిగాను. ఆ పిల్ల తల దించుకుంది. "చూశామక్కా. కానీ అది సారు చేతిరాత కాదు, సంతకం లేదు. చివరి రోజుల్లో సారు మనసు బాగాలేదు, ఎవరో ఏదో రాసుకున్నారు అంటున్నారు. పుస్తకంలో వేయడం లేదు" అంది.

ఎవరో అంటే నేనే. అక్షరాలు వంకరగా ఉన్నాయని సారు మాట సారుది కాకుండా పోయింది. ఆయన మనసు చివరిదాకా బాగానే ఉంది. నేను ఒక లైను వదిలేసి చదివితే వెంటనే పట్టుకునేవారు. చూపు పోయింది గానీ ఆయన చూసినంత మీరెవరూ చూడలేదు. ఇలా రాస్తున్నందుకు మన్నించండి. మీ ఎదురుగా అయితే అనలేను.

అందుకే ఈ ఉత్తరంతో పాటు బిస్కట్ల డబ్బా పంపుతున్నాను. నోటు పుస్తకం రాతనూ కార్డుల రాతనూ పక్కపక్కన పెట్టి చూడండి. రెండూ ఒకే వంకర రాత. ప్రతి కార్డు మీదా సారు పెట్టిన ఎర్ర గీత ఉంది. ఆ గీత నేను పెట్టలేను. పాతికేళ్లు ఆయన మీ కాగితాలు దిద్దిన గీత అది, మీకు తెలియదా? మా ఆడవాళ్లు చెప్పింది ఆయన విన్నారు, విన్నానని గుర్తు పెట్టారు. ఇంకేం కావాలి? నా గురించి పుస్తకంలో ఏమీ వేయకండి. ఆ మొదటి లైను ఒక్కటి వేయండి, ఆయన పేరుతో.

ఇక ఆఖరి సంగతి. డబ్బాలో అన్నిటికన్నా అడుగున ఒక కార్డు ఉంది. అమ్మగారింటి నుంచి వచ్చాక డబ్బా తెరిస్తే కనిపించింది. మూలకు పసుపు ఉంది, నంబరు లేదు, ఏమీ రాసి లేదు. ఎర్ర గీత మాత్రం ఉంది. విన్నాక తప్ప సారు ఏ కార్డు మీదా గీత పెట్టరు. ఈ ఒక్కదాని మీద వినకముందే పెట్టి ఉంచారు. ఆ రోజు 'నువ్వు?' అంటే నేను కప్పు తీసుకుని లోపలికి వెళ్లిపోయిన తర్వాత ఆయన నన్ను మళ్లీ అడగలేదు. ఇలా అడిగారన్నమాట.

నిన్న మా ఆయన డ్యూటీకి వెళ్లాక దాని మీద రాసి మళ్లీ డబ్బాలోనే పెట్టాను. రెండు ఎలక్షన్లలోనూ నా ఓటు మా ఆయన చెప్పిన చోటికి పోలేదు. మొదటిసారి ఓట్లకు వచ్చినవాళ్లలో ఒకాయన మా ఆయనతో మాట్లాడి వెళ్తూ, తలుపు వెనక ఉన్న నన్ను చూసి ఆగి, "అమ్మా, నీళ్లు ఎన్ని గంటలకు వస్తున్నయి?" అని అడిగాడు. అంతే కారణం. ఆయన ఓడిపోయాడు. రెండోసారి కూడా ఆయన మనుషులకే వేశాను. ఎందుకు అన్న చోట ఇదే రాశాను. నా రాత ఈసారి ఆ ఎర్ర గీత మీద నుంచి పోయింది. చోటు లేక.

ఈ సంగతి నా నోటి నుంచి బయటికి రావడం ఇదే మొదలు. మా ఆయన చప్పట్లు మీరు విన్నారు కదా. అందుకే ఒక్కటే వేడుకోలు. ఈ ఉత్తరం అందరూ ఒకసారి చదివి కాల్చేయండి. ఒక్క కాగితం కూడా మిగల్చకండి. కార్డులు మాత్రం కాల్చొద్దు. డబ్బా మూత బిగుతుగా ఉంటుంది. లాగితే రాదు. ఎడమ చేత్తో అడుగు పట్టుకుని, కుడి అరచెయ్యి మూత మీద ఆనించి మెల్లగా తిప్పాలి. సారు కళ్లు మూసుకుని అలాగే తీసేవారు.